ప్రగతినగర్‌కు అందే సముద్రం కబుర్లు: తాడు లేని రోబోలు ఏం మార్చాయి?

క్లుప్తంగా: ఓడకు కట్టిన తాడు అవసరం లేకుండా, తమంతట తామే తిరిగే రోబోలు వచ్చాక సముద్రాన్ని చూసే పనిలో ఓడ మీద ఆధారపడడం బాగా తగ్గింది. నెమ్మదిగా తేలే ఫ్లోట్లు హైదరాబాద్ ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రానికి లెక్కలు పంపుతూ తుపానుల అంచనాకు, వాతావరణ లెక్కలకు పనికొస్తున్నాయి. లోతున ఈదే వాహనాలు సముద్రపు నేలను సెంటీమీటర్ల వివరంతో చూపిస్తున్నాయి. గనుల తవ్వకానికి, నౌకాదళాల పోటీకి దారి వేస్తున్నదీ ఈ చూపే.

2016 జూలై 22 ఉదయం చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వాయుసేన విమానం ఏఎన్-32 బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో 29 మంది ఉన్నారు. వారిలో ఎనిమిది మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. ఓడలు, విమానాలు, చివరికి జలాంతర్గామి కూడా గాలించినా జాడ తెలియలేదు. 2024 జనవరిలో రక్షణ శాఖ ఒక ప్రకటన చేసింది. చెన్నై తీరానికి సుమారు 140 నాటికల్ మైళ్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున, ఆ విమానానివే అనుకోదగిన శకలాలు కనిపించాయన్నది దాని సారాంశం. వాటిని ఫొటో తీసింది చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ దించిన మనిషి లేని వాహనం. ఆ సంస్థను ఎన్‌ఐఓటీ అంటారు.

ఏడున్నరేళ్ల పాటు దొరకనిది అప్పుడెలా దొరికింది? జవాబు రోబో తెలివిలో కన్నా, అది ఎంత దగ్గర నుంచి చూస్తుందన్న దాంట్లో ఉంది.

పైనుంచి చూస్తే ఎందుకు కనిపించదు

సముద్రంలో వెయ్యి మీటర్లు దాటాక సూర్యకాంతి ఉండదు. రేడియో తరంగాలను ఉప్పునీరు కొద్ది లోతులోనే మింగేస్తుంది. కాబట్టి సెల్‌ఫోన్ సిగ్నల్ లేదు, జీపీఎస్ లేదు, శాటిలైట్ చూపు అందదు. దూరం వెళ్లగలిగేది శబ్దం ఒక్కటే. అందుకే సముద్రపు నేలను ఎక్కువగా సోనార్‌తో, అంటే శబ్దాన్ని పంపి ప్రతిధ్వని వినే పద్ధతితో చూస్తారు.

చిక్కు ఎక్కడంటే, టార్చిలైటు వెలుగు దూరం వెళ్లేకొద్దీ విచ్చుకున్నట్టే శబ్దమూ విచ్చుకుంటుంది. ఓడ అడుగున ఉన్న సోనార్ ఒక డిగ్రీ వెడల్పున్న ధ్వని కిరణాన్ని పంపిందనుకుందాం. 3,400 మీటర్లు కిందికి వెళ్లేసరికి ఆ కిరణం నేల మీద దాదాపు 60 మీటర్ల మేర పరుచుకుంటుంది. ఏఎన్-32 పొడవు 24 మీటర్ల లోపే. అంటే మొత్తం విమానం పటంలో ఒక్క చుక్కలో కలిసిపోతుంది. ముక్కలైన విమానం సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇప్పుడు అదే సోనార్‌ను నేలకు 50 మీటర్ల ఎత్తున పెట్టి చూడండి. కిరణం వెడల్పు మీటరు లోపుకు వస్తుంది. దానికి సింథటిక్ అపెర్చర్ పద్ధతి తోడైతే, అంటే వాహనం ముందుకు కదులుతూ విన్న ఎన్నో ప్రతిధ్వనులను కలిపి ఒకే పెద్ద సోనార్ విన్నట్టు లెక్కగడితే, కొన్ని సెంటీమీటర్ల వివరం వస్తుంది. ఎన్‌ఐఓటీ వాహనం ఈ పద్ధతినీ, ఒకేసారి ఎన్నో ధ్వని కిరణాలను పంపే మల్టీబీమ్ సోనార్‌నూ, కెమెరానూ కలిపి వాడింది.

తాడు వదిలించుకుంటే వచ్చే లాభం, వచ్చే కష్టం

లోతుకు యంత్రాలు దించడం కొత్త కాదు. దశాబ్దాలుగా ఆర్‌ఓవీలు ఉన్నాయి. ఓడ మీద కూర్చున్న పైలట్ పొడవాటి కేబుల్ ద్వారా వాటిని నడుపుతాడు. కరెంటు, వీడియో అన్నీ ఆ కేబుల్‌లోనే వస్తాయి. అవి చేతులతో పట్టుకోగలవు, కోయగలవు, ఎత్తగలవు. కానీ కొన్ని కిలోమీటర్ల కేబుల్‌ను నీటిలో ఈడ్చుకుంటూ వేగంగా తిరగలేవు. అవి కింద ఉన్నంతసేపూ ఓడ పైన కదలకుండా కాపలా ఉండాలి. లోతైన సముద్రంలో పనిచేసే పరిశోధన నౌకకు ఒక్క రోజు ఖర్చే లక్షల్లో ఉంటుంది.

ఏయూవీ అని పిలిచే స్వయంచాలక వాహనానికి ఆ తాడు లేదు. టార్పెడో ఆకారంలో ఉండి, బ్యాటరీతో నడుస్తూ, ముందే ఇచ్చిన దారిలో పొలం దున్నినట్టు అటూ ఇటూ తిరిగి వస్తుంది. ఈలోగా ఓడ ఇంకో పని చూసుకోవచ్చు, ఇంకో రోబోను దించవచ్చు.

ఈ రెండు యంత్రాల మధ్య తేడా హైదరాబాద్ వాసులకు సులభంగా అర్థమవుతుంది. 1990 మార్చిలో హుస్సేన్‌సాగర్‌లో బుద్ధ విగ్రహం నీట మునిగింది. ఎక్కడ మునిగిందో అందరికీ తెలుసు, ట్యాంక్‌బండ్ మీద నిలబడితే ఆ చోటు కనిపిస్తుంది. అయినా దాన్ని పైకి తీసి నిలబెట్టడానికి 1992 డిసెంబరు దాకా పట్టింది. వెతకడం ఒక పని, ఎత్తడం ఇంకో పని. ఏయూవీ చేసేది మొదటి పని మాత్రమే. ఫలానా చోట శకలం ఉందని చెబుతుంది తప్ప పైకి తేవడం దాని వల్ల కాదు. దానికి మళ్లీ ఆర్‌ఓవీ కావాలి, కేబుల్ కావాలి, ఓడ కావాలి. వార్తల్లో ఈ రెండింటినీ కలిపి ‘సముద్రగర్భ రోబో’ అని రాసేయడం వల్లే చాలామంది అయోమయపడుతున్నారు.

తాడు లేకపోవడం వల్ల వచ్చే కష్టమూ తక్కువేమీ కాదు. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు వెళుతుంది. 3,400 మీటర్ల లోతుకు ప్రశ్న పంపి జవాబు అందుకోవడానికే నాలుగున్నర సెకన్లు కావాలి. పైగా శబ్దం మోయగలిగే సమాచారం చాలా తక్కువ, వీడియో పంపడం కుదరదు. ఎదురుగా కొండ వస్తే ‘ఆగు’ అని పైనుంచి చెప్పే లోపే ఢీకొంటుంది. కాబట్టి పక్కకు తప్పుకోవాలా, పైకి లేవాలా, పని మానేసి వెనక్కి రావాలా అన్నది రోబోనే తేల్చుకోవాలి. ‘స్వయంచాలక’ అన్న మాటకు ఇక్కడ అర్థం అదే.

తానెక్కడున్నదీ తనే లెక్కపెట్టుకోవాలి. కళ్లకు గంతలు కట్టుకున్న మనిషి అడుగులు లెక్కిస్తూ నడిచినట్టు, జైరోస్కోపులతో దిశను, నేలకు తాకి వచ్చే శబ్దంతో వేగాన్ని కొలిచి కూడుకుంటూ పోతుంది. మంచి పరికరాలున్నా ప్రయాణించిన దూరంలో వెయ్యో వంతు తప్పు పోగవుతుందనుకుంటే, వంద కిలోమీటర్లకు వంద మీటర్లు తేడా. ఓడ నుంచి అప్పుడప్పుడూ వచ్చే ధ్వని సంకేతాలతో దాన్ని సరిచేస్తారు. వీటన్నిటికీ మించి ఒత్తిడి. 3,400 మీటర్ల దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు మీద, అంటే చిటికెన వేలి గోరంత చోటు మీద, దాదాపు 340 కిలోల బరువు పడుతుంది.

తెలంగాణ అంత నేల, నాలుగు నెలల్లో

తేడా ఎంతో చెప్పడానికి మలేసియా విమానం ఎంహెచ్370 గాలింపు కన్నా మంచి ఉదాహరణ లేదు. 2014లో మాయమైన ఆ విమానం కోసం దక్షిణ హిందూ మహాసముద్రంలో ప్రధానంగా ఓడ వెనుక కేబుల్‌తో ఈడ్చే సోనార్లతో వెతికారు. 1,20,000 చదరపు కిలోమీటర్ల నేలను చూడడానికి రెండేళ్లకు పైగా పట్టింది. 2017 జనవరిలో ఆపేశారు. 2018లో ఓషన్ ఇన్ఫినిటీ అనే సంస్థ ఒకే ఓడ నుంచి ఒకేసారి ఎనిమిది దాకా ఏయూవీలను దించే ఏర్పాటుతో మళ్లీ మొదలుపెట్టింది. నాలుగు నెలలకు కాస్త పైగా సమయంలో 1,12,000 చదరపు కిలోమీటర్లకు మించి చూసింది. అంటే దాదాపు తెలంగాణ రాష్ట్రమంత విస్తీర్ణం.

విమానం మాత్రం దొరకలేదు. ఈ మాట కూడా అంతే ముఖ్యం. రోబోలు గాలింపును ఎన్నో రెట్లు వేగం చేశాయి, కానీ ఎక్కడ గాలించాలో చెప్పలేవు. 2009లో అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 శకలాలను 2011 ఏప్రిల్‌లో రెమస్ రకం ఏయూవీలు దాదాపు 3,900 మీటర్ల లోతున కనిపెట్టగలిగాయంటే, వెతకాల్సిన ప్రాంతం ముందే కొంత ఇరుకై ఉండడం అందుకు పెద్ద కారణం. అర్జెంటీనా జలాంతర్గామి శాన్ వాన్ 2018 నవంబరులో 907 మీటర్ల దగ్గర దొరికింది. అంటార్కిటికాలో 1915లో మునిగిన, ధ్రువ అన్వేషకుడు షాకిల్టన్ నౌక ఎండ్యూరెన్స్ 2022 మార్చిలో 3,008 మీటర్ల దగ్గర దొరికింది. ఏఎన్-32 విషయంలోనూ వాహనాన్ని దించింది ఆ విమానం చివరిసారి ఉన్న చోటుకే.

ఈదని రోబో

ఇంతవరకు చెప్పినవి వార్తల్లోకి ఎక్కే రోబోలు. సముద్ర విజ్ఞానాన్ని ఎక్కువగా మార్చింది మాత్రం ఇంకోటి. దానికి ప్రొపెల్లర్ లేదు, కెమెరా లేదు, చూడడానికి నిలువెత్తు సిలిండర్‌లా ఉంటుంది. పేరు ఆర్గో ఫ్లోట్.

అది చేసే పని చూడండి. వెయ్యి మీటర్ల లోతున ఇంచుమించు తొమ్మిది రోజులు ప్రవాహంతో పాటు కొట్టుకుపోతూ ఉంటుంది. తర్వాత రెండు వేల మీటర్లకు దిగుతుంది. అక్కడి నుంచి కొన్ని గంటల పాటు మెల్లగా పైకి వస్తూ నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం, ఒత్తిడి కొలుస్తుంది. ఉపరితలానికి వచ్చాక యాంటెనా నీటిపైన పెట్టి శాటిలైట్‌కు ఆ లెక్కలన్నీ పంపి, మళ్లీ మునిగిపోతుంది. పది రోజులకు ఒకసారి ఇదే. మునగడానికీ తేలడానికీ మోటారుతో ఈదాల్సిన పని లేదు. లోపలున్న నూనెను బయటి రబ్బరు తిత్తిలోకి పంపుతుంది. ఫ్లోట్ బరువు మారదు, కానీ అది ఆక్రమించే చోటు కాస్త పెరుగుతుంది, దాంతో తేలుతుంది. నూనెను లోపలికి లాక్కుంటే మునుగుతుంది. చేప కడుపులో గాలితిత్తి చేసే పని ఇదే. కరెంటు ఖర్చు ఇంత తక్కువ కాబట్టే ఒక్కో ఫ్లోట్ నాలుగైదేళ్లు పనిచేస్తుంది.

ఇప్పుడు ప్రపంచ సముద్రాలన్నిటిలో ఇలాంటివి దాదాపు 4,000 తిరుగుతున్నాయి. వాటిలో హిందూ మహాసముద్రానికి సంబంధించిన సమాచారం చేరే చోట్లలో ఒకటి హైదరాబాద్. ప్రగతినగర్‌లో ఉన్న భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అందరూ ఇన్‌కాయిస్ అనే సంస్థ, 1999లో ఏర్పడింది. సునామీ హెచ్చరికల కేంద్రం 2007 నుంచి అక్కడే ఉంది. చేపలు ఎక్కువగా దొరికే చోట్లను మత్స్యకారులకు తెలుగులో చెప్పే సలహాలూ అక్కడి నుంచే వెళతాయి. సముద్రం చూడాలంటే మూడు వందల కిలోమీటర్లు దాటి మచిలీపట్నం వైపు వెళ్లాల్సిన ఊళ్లో సముద్ర కేంద్రం ఎందుకని చాలామంది అడుగుతారు. ఈ మొత్తం మార్పుకు అదే మంచి నిదర్శనం. కొలిచేవాడు ఓడ మీద ఉండాల్సిన రోజుల్లో ఇది వింతే. కొలత శాటిలైట్ మీదుగా వచ్చేటప్పుడు తీరం ఎంత దూరమన్నది లెక్కలోకి రాదు.

ఫ్లోట్‌కూ ఏయూవీకీ మధ్యలో గ్లైడర్ ఉంది. ఇదీ తిత్తితోనే మునిగి తేలుతుంది, కానీ చిన్న రెక్కలుండడం వల్ల నిట్టనిలువుగా కాకుండా ఏటవాలుగా జారుతూ ముందుకు పోతుంది. వేగం గంటకు కిలోమీటరు చొప్పున, మనిషి నడక కన్నా తక్కువ. అయినా 2009లో అమెరికాకు చెందిన ఒక స్లోకమ్ గ్లైడర్ న్యూజెర్సీ తీరం నుంచి స్పెయిన్ దాకా 7,400 కిలోమీటర్లు 221 రోజుల్లో దాటింది. సముద్రంలో వేగం కన్నా ఓర్పు ఎక్కువ పనిచేస్తుంది.

గోదావరి నీరు, తుపాను బలం

తెలుగువారికి వీటితో నేరుగా ఏం పని అంటే, తుపాను. తుపానుకు ఇంధనం వెచ్చటి సముద్రపు నీరు. శాటిలైట్ చెప్పగలిగేది నీటి పై పొర ఎంత వేడిగా ఉందో మాత్రమే. కానీ తుపాను గాలి సముద్రాన్ని చిలుకుతుంది. కింద చల్లటి నీరు దగ్గరలోనే ఉంటే అది పైకి వచ్చి తుపానును బలహీనపరుస్తుంది. వెచ్చటి నీరు లోతు దాకా ఉంటే తుపాను ఇంకా బలపడుతుంది. రెండు చోట్లా పై పొర ఒకే వేడితో కనిపించవచ్చు. తేడా కింద ఉంటుంది.

బంగాళాఖాతానికి ఇంకో మెలిక ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ కలిసి వానాకాలమంతా మంచినీరు తెచ్చి పోస్తాయి. ఉప్పు తక్కువున్న ఆ నీరు తేలిక కాబట్టి పైన మూతలా పరుచుకుంటుంది. ఈ మూత ఉన్నంతవరకు గాలి ఎంత చిలికినా కింది చల్లటి నీరు సులభంగా పైకి రాదు. మన తీరాన్ని ఎక్కువగా దెబ్బతీసే తుపానులు సరిగ్గా వానలు వెనక్కి తగ్గాక, అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకింది అక్టోబరు 12న. ఆ నెలల్లో ఉప్పదనం ఏ లోతున ఎంత ఉందో చెప్పేది ఫ్లోట్లు, గ్లైడర్లు, లంగరు వేసి నీటి మీద తేలించే బోయాలు మాత్రమే. ఆ కెరటాల్లోకి ఓడను ఎవరూ పంపరు. అటువంటి వేళ కొలత తీయగలిగేది మనిషి లేని పరికరం.

రుతుపవనాల లెక్కా ఇలాంటిదే. 2016 జూన్, జూలైల్లో భారత, బ్రిటన్ శాస్త్రవేత్తలు సింధు సాధన నౌక నుంచి దక్షిణ బంగాళాఖాతంలో గ్లైడర్లను దించి, వానాకాలంలో పై పొరలు ఎలా మారుతున్నాయో కొలిచారు. నౌక కొద్ది రోజులకు తిరిగి రావాల్సిందే. గ్లైడర్ వారాల పాటు అక్కడే ఉండిపోతుంది.

నేల పటం, గనుల లెక్క

సముద్రపు నేలలో నాణ్యమైన పటం గీసింది ఇప్పటికి నాలుగో వంతుకు కొంచెం పైగా మాత్రమే. ఇది కూడా శబ్దంతో గీసిన పటం. మనిషి కంటితోనో కెమెరాతోనో చూసింది ఇంకా తక్కువ. 200 మీటర్లకు మించిన లోతుల్లో ఇంతవరకు కళ్లారా చూసిన నేల మొత్తం 0.001 శాతానికి మించదని 2025లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. విస్తీర్ణంలో చెప్పాలంటే 650 చదరపు కిలోమీటర్ల పాత జీహెచ్ఎంసీకి సుమారు ఆరింతలు. భూమి మీద సగానికి పైగా ఉన్న లోతు సముద్రం గురించి ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా అంత చిన్న జాగాను చూసి చెప్పినదే.

ఇక్కడ భారత్‌కు సొంత ఆసక్తి ఉంది. మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్ల మేర, అంటే తెలంగాణలో మూడింట రెండు వంతులంత చోట, ఖనిజాలను అన్వేషించే హక్కు మన దేశానికి ఉంది. అక్కడ ఐదు కిలోమీటర్ల లోతున ఆలుగడ్డల్లా నల్లటి ముద్దలు నేల మీద పరుచుకుని ఉంటాయి. వాటిలో మాంగనీస్, నికెల్, కోబాల్ట్, రాగి ఉంటాయి. 2021లో కేంద్రం 4,077 కోట్ల రూపాయలతో ఆమోదించిన డీప్ ఓషన్ మిషన్‌లో ఈ అన్వేషణ ఒక భాగం. ముగ్గురు మనుషులను 6,000 మీటర్లకు దించే మత్స్య 6000 వాహనం ఇంకో భాగం. ఎన్‌ఐఓటీకి చెందిన ఓఎంఈ 6000 ఏయూవీ ఈ ఖనిజాల కోసమే వచ్చినది. 2024 డిసెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రంలో 4,500 మీటర్ల లోతున వేడినీరు చిమ్మే బిలాన్ని ఫొటో తీసిందీ అదే.

అయితే ఈ రోబోలు రెండు వైపులా సాక్ష్యం చెబుతున్నాయి. ఎక్కడ ఎంత ఖనిజం ఉందో చూపిస్తున్నాయి, తవ్వితే ఏమవుతుందో కూడా చూపిస్తున్నాయి. 1989లో జర్మన్ శాస్త్రవేత్తలు పెరూకు దూరంగా పసిఫిక్‌లో నాలుగు వేల మీటర్లకు మించిన లోతున ఒక నాగలిలాంటి పరికరాన్ని ఈడ్చి నేలను దున్ని చూశారు. తవ్వకం జరిగితే నేల ఎంతకాలానికి కోలుకుంటుందో తెలుసుకోవడం ఉద్దేశం. 2015లో మళ్లీ వెళ్లి, ఏయూవీతో పైనుంచి వేల ఫొటోలు తీసి కలిపి చూస్తే, 26 ఏళ్ల నాటి చాళ్లు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. మన పొలంలో చాలు ఒక్క వానకు చెదిరిపోతుంది. అక్కడ వాన లేదు, గాలి లేదు. ఒక్కో ముద్ద కొన్ని మిల్లీమీటర్లు పెరగడానికి పది లక్షల ఏళ్లు పడుతుంది. అంతర్జాతీయ జలాల్లో వ్యాపార తవ్వకానికి నియమావళి ఇంకా ఖరారు కాలేదు. అది ఖరారయ్యే లోపు ఇలాంటి ఫొటోలు ఎన్ని పోగవుతాయన్నది అసలు ప్రశ్న.

తిరిగి రానివి

ఏ దేశానికైనా ఈ రోబోలు పోవడం మామూలే. బ్రిటన్ ఆటోసబ్-2 2005లో అంటార్కిటికా మంచు కింద ఇరుక్కుపోయింది. అమెరికా వారి నెరియస్ 2014 మేలో పసిఫిక్‌లోని కెర్మాడెక్ అగాధంలో 9,900 మీటర్ల దగ్గర ఒత్తిడికి నలిగిపోయి ఉంటుందని భావించారు. స్వీడన్‌కు చెందిన రాన్ 2022లో అంటార్కిటికాలోని డాట్సన్ మంచు పలక కింద 17 కిలోమీటర్ల లోపలి దాకా వెళ్లి, ఆ మంచు అడుగు ఎలా కరుగుతోందో మొదటిసారి పటం గీసింది. 2024 జనవరిలో అదే చోటికి వెళ్లి తిరిగి రాలేదు. మనిషి ప్రాణం పోలేదన్నది నిజమే. కానీ తాడు లేని రోబో పోతే అది చూసినదంతా దానితోనే పోతుంది.

ఎవరి నీళ్లు, ఎవరి రోబో

విశాఖలోని నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాల, ఎన్‌ఎస్‌టీఎల్, టార్పెడోలకు పేరు. నీటిలో పాతిన మైన్లను వెతికే చిన్న ఏయూవీలనూ అక్కడ తయారుచేశారు. టార్పెడోకూ పరిశోధన రోబోకూ శరీరం, బ్యాటరీ, మోటారు దాదాపు ఒకటే. మోసుకెళ్లే సరుకు వేరు. అందుకే పరిశోధనకు వచ్చిన గ్లైడర్‌ను కూడా పొరుగు దేశం అనుమానంగా చూస్తుంది. 2016 డిసెంబరులో ఫిలిప్పీన్స్ దగ్గర అమెరికా గ్లైడర్‌ను చైనా నౌకాదళం పట్టుకుని, కొన్ని రోజులకు తిరిగి ఇచ్చింది. ఇటువంటి రోబోను ఓడగా లెక్కించాలా, పరికరంగా లెక్కించాలా అన్నది 1982 నాటి సముద్ర చట్టం ఒప్పందంలో స్పష్టంగా లేదు. అది రాసినప్పుడు ఇలాంటివి తిరుగుతాయని ఎవరూ ఊహించలేదు.

ఆర్గో ఇందుకు భిన్నంగా నడిచింది. ఎవరు దించిన ఫ్లోట్ అయినా దాని సమాచారం ఒక రోజులోపు అందరికీ ఉచితంగా అందుతుంది. కూకట్‌పల్లి హాస్టల్‌లో కూర్చున్న విద్యార్థి కూడా నిన్న బంగాళాఖాతం లోపల ఎంత వేడి ఉందో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కానీ దీని ఖర్చు లెక్క తేలిక కాదు. ఫ్లోట్ ఆయుష్షు నాలుగైదేళ్లు. నాలుగు వేల ఫ్లోట్లు ఎప్పుడూ ఉండాలంటే ఏటా ఎనిమిది వందల నుంచి వెయ్యి దాకా కొత్తవి దించాలి. వాటిలో దాదాపు సగం ఇన్నాళ్లూ అమెరికా ఇచ్చినవే. అక్కడ ఒక ఏడాది బడ్జెట్ తగ్గితే, రెండు మూడేళ్ల తర్వాత హిందూ మహాసముద్రం పటంలో ఖాళీలు కనిపిస్తాయి. ఆ ఖాళీ బంగాళాఖాతంలో పడిన ఏడాది అక్టోబరులో తుపాను పుడితే, దాని కింద నీరు ఎంత లోతు దాకా వేడిగా ఉందో ప్రగతినగర్‌లో లెక్క వేసేవారికి తెలియదు. ఆ ఖాళీని నింపేంత సంఖ్యలో ఫ్లోట్లను ఏటా మన ఓడల నుంచి దించడానికి కావలసిన డబ్బు, తయారీ ఇప్పుడే సిద్ధం చేసుకోవాలి.